సైబర్‌పంక్ 2077 కొనండి, కానీ కీ పేరుతో అకౌంట్ అంటగట్టేవాడి దగ్గర కొనకండి

గంట క్రితం జరిగింది ఇది. కోపం చల్లారాక తీరిగ్గా రాద్దామనుకున్నా. ఈలోపు ఇంకొకరెవరో అదే మనిషికి డబ్బు పంపేస్తారేమోనని ఇప్పుడే కూర్చున్నా. అక్కడక్కడా తడబడితే ఏమీ అనుకోకండి.

చౌకగా గేమ్ కీలు, అంటే ఆటని మన అకౌంట్లోకి తెచ్చుకునే కోడ్‌లు, అమ్మే సైట్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. సైట్ ఒకరిది, అందులో అమ్మేవాళ్లు వేలమంది. వాళ్లలో ఒకడి దగ్గర సైబర్‌పంక్ 2077 ఆట, దాంతోపాటు దాని కథకి అదనపు భాగమైన ఫాంటమ్ లిబర్టీ, రెండూ కలిపి స్టీమ్ (పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) ధరలో మూడోవంతు కూడా లేని రేటుకి కనిపించాయి. రేటింగులు బాగున్నాయి. అడిగితే పది సెకన్లలో జవాబు. "అన్నా, నమ్మకంగా తీసుకోండి, ఏ సమస్య వచ్చినా నేనున్నా" అన్నాడు. పక్కనే కూర్చున్న మా తమ్ముడు, "అన్నా, పైన కీ అని పెట్టాడు గానీ కింద ఇంకా ఏదో ఉంది, మొత్తం చదువు" అన్నాడు. నేను చదవలేదు. వాడి మాట ఆ క్షణంలో విని ఉంటే ఈ రాత్రి ఇలా ఉండేది కాదు.

డబ్బు కట్టగానే వచ్చింది కీ కాదు. స్టీమ్ కీ అంటే మామూలుగా ఐదేసి అక్షరాల చొప్పున మూడు ముక్కలుగా ఉంటుంది, మన అకౌంట్లో ఎక్కిస్తే గేమ్ మన లైబ్రరీలోకి వస్తుంది. నాకు వచ్చింది ఒక లాగిన్ ఐడీ, ఒక పాస్‌వర్డ్, కింద నాలుగు షరతులు. ఈ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి. గేమ్ దించుకోగానే ఆఫ్‌లైన్ మోడ్‌కి వెళ్లిపోవాలి. మళ్లీ ఆన్‌లైన్‌కి రాకూడదు. పాస్‌వర్డ్ మార్చకూడదు. ఇదేంటని అడిగితే, "ఇప్పుడు కీలన్నీ ఇలాగే ఇస్తున్నాం అన్నా, గేమ్ తెరుచుకోగానే సైట్లో 'అందింది' అని నొక్కండి, లేదంటే నాకు పేమెంట్ ఆగిపోతుంది" అన్నాడు. నొక్కా. గేమ్ తెరుచుకుంది కదా, అబద్ధమేముంది అనుకున్నా. ఆ ఒక్క నొక్కుతో నా డబ్బు సైట్ చేతుల్లోంచి వాడి చేతుల్లోకి వెళ్లిపోయిందని నాకు అప్పుడు తట్టలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది తలుచుకుంటే నా మీద నాకే కోపమొస్తోంది. మొదటిసారి గేమ్ తెరిచినప్పుడు మెనూలో 'కంటిన్యూ' కనిపించింది. కొత్తగా కొన్న ఆటలో కంటిన్యూ ఎందుకుంటుంది? లోపలికి వెళ్లి చూస్తే లెవెల్ 38లో ఒక కార్పో వి, లెవెల్ 12లో ఒక నోమాడ్ వి. (వి అంటే ఆటలో మన పాత్ర; కార్పో, నోమాడ్, స్ట్రీట్ కిడ్ అనేవి దానికి మనం ఎంచుకునే నేపథ్యాలు.) ఎవరెవరో ఆడిన సేవ్‌లు. ఆ అకౌంట్ స్టీమ్ క్లౌడ్‌లోంచి (సేవ్‌లు ఆన్‌లైన్‌లో దాచే చోటు) నా మెషీన్‌లోకి దిగాయి. అంటే నాకంటే ముందు ఇదే అకౌంట్‌ని కనీసం ఇద్దరికి అమ్మాడు. కళ్లెదుట ఇంత స్పష్టంగా ఉన్నా, "సరేలే, గేమ్ అయితే నడుస్తోంది కదా" అని వాటిని పక్కనపెట్టి స్ట్రీట్ కిడ్‌గా నా కథ మొదలుపెట్టా.

ఆ తర్వాత నలభై ఆరు గంటలు నాకు లోకం తెలియలేదు. ఆట గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే నన్ను ముంచింది ఆట కాదు. 2020 డిసెంబర్ 10న విడుదలైనప్పుడు దీనికి పడిన తిట్లు మీకు గుర్తుండే ఉంటాయి. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ గేమ్ కన్సోళ్లలో ఆడలేని స్థితిలో వచ్చింది. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్‌లోంచే తీసేసింది, మళ్లీ 2021 జూన్‌లో గానీ పెట్టలేదు. అప్పుడు దూరంగా ఉండి మంచిపని చేశానని నేనూ అనుకున్నా. కానీ 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్ తర్వాత ఇది వేరే ఆట. పెర్క్‌ల చెట్టు (పాత్రకి ఎంచుకునే నైపుణ్యాల పట్టిక) మొత్తం కొత్తగా కట్టారు. కవచం బట్టల్లోంచి పోయి సైబర్‌వేర్‌లోకి, అంటే ఒంట్లో అమర్చుకునే యంత్రభాగాల్లోకి వచ్చింది, కాబట్టి వాటిని అమర్చే రిప్పర్‌డాక్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఒంట్లో ఏం పెట్టించుకోవాలో నిజంగా ఆలోచించాల్సి వస్తుంది. పోలీసులు గాల్లోంచి ఊడిపడటం మానేసి నిజంగా వెంటపడతారు. కారు నడుపుతూ కాల్పులు జరపొచ్చు.

అవన్నీ ఒక ఎత్తు, మనుషులు ఒక ఎత్తు. స్నేహితుడు జాకీతో గడిపే ఆ మొదటి గంటలు, వి బుర్రలో చేరిన, ఎప్పుడో చనిపోయిన రాకర్ జానీ సిల్వర్‌హ్యాండ్‌తో జరిగే వాదనలు. కియాను రీవ్స్ గొంతులోంచి వచ్చే ఆ చిరాకు మొదట్లో భరించలేం, పోనుపోను అతను మాట్లాడకపోతే వెలితిగా ఉంటుంది. పానమ్‌తో ఎడారిలో, జూడీతో నీళ్లలో గడిపిన మిషన్లలో కాల్పుల కంటే కబుర్లే ఎక్కువ, అయినా అవే మనసులో నిలిచాయి. ఫాంటమ్ లిబర్టీలో డాగ్‌టౌన్ అనే పేటకి వెళ్లాక కథ గూఢచారుల దారి పడుతుంది. ఇడ్రిస్ ఎల్బా పోషించిన గూఢచారి సాలమన్ రీడ్ ఎంత నెమ్మదిగా మాట్లాడతాడో, అతన్ని నమ్మాలో వద్దో తేల్చుకోవడం అంత కష్టం.

సరిగ్గా అక్కడే ఆగిపోయా. రీడ్ మాట వినాలా, హ్యాకర్ సాంగ్‌బర్డ్‌కి సాయపడాలా అన్న నిర్ణయం దగ్గరికొచ్చా. ఆ ఒక్క ఎంపికతో మిగిలిన కథ రెండుగా చీలుతుంది. రాత్రి బాగా పొద్దుపోయింది. నిద్రమత్తులో తేల్చే విషయం కాదిది అని సేవ్ చేసి పడుకున్నా. ఈరోజంతా పనిలో ఉన్నా అదే ధ్యాస. సాయంత్రం వచ్చి కూర్చుంటే మధ్యలో మెషీన్ అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయినట్టుంది, స్టీమ్ లాగిన్ అడిగింది. వాడిచ్చిన పాస్‌వర్డ్ కొట్టా. తప్పు అంది. ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టా. మళ్లీ అదే.

వాడికి మెసేజ్ పెట్టా. అమ్మేటప్పుడు పది సెకన్లలో పలికినవాడు ఈసారి ఇరవై ఐదు నిమిషాలు తీసుకున్నాడు. "పాస్‌వర్డ్ మారినట్టుంది, కాస్త చూడు తమ్ముడూ" అని నేను రాసిన దానికి వాడి మొదటి జవాబు ఇది: "ఎన్ని గంటలు ఆడారు?"

సమస్య ఎక్కడుందో కనుక్కోవడానికి అడుగుతున్నాడేమో అనుకున్నా. నిజాయితీగా 46 అని చెప్పా.

"46 గంటలు ఆడారంటే మీ డబ్బులు మీకు వసూలైపోయినట్టే. ఇంకేం కావాలి సార్?"

అన్నా అన్నవాడు సార్ అన్నాడు. ఆ పిలుపు మారడంలోనే నాకు విషయం అర్థమైపోయింది. అయినా అడిగా, నేను గేమ్ కొన్నాను, గంటలు కాదు అని. "గేమ్ కాదు, అకౌంట్ వాడుకునే వీలు కొన్నారు. పేజీలో రాసే ఉంది. చదువుకోవాల్సింది మీరు." వెళ్లి చూశా. నిజంగానే ఉంది. శీర్షికలో పెద్దక్షరాల్లో 'కీ'. కింద గేమ్ కథంతా పేజీడు పొడుగున రాసి, 'ఇంకా చూడండి' నొక్కితే గానీ కనిపించని చోట 'షేర్డ్ అకౌంట్, గడువుకు హామీ లేదు' అని ఒక్క వరుస. నేను ఆ పేజీ చూస్తుండగానే ఇంకో మెసేజ్: "సగం డబ్బు కడితే కొత్త అకౌంట్ ఇస్తా. ఈసారి 'అందింది' ముందే నొక్కండి." నేను జవాబు టైప్ చేస్తుండగానే బ్లాక్ చేశాడు.

డబ్బు పోయిందని కాదు నా బాధ. ఎన్ని గంటలు ఆడావని అడిగి, నా ఇష్టాన్నే లెక్కగట్టి నా నోరు మూయించడానికి వాడుకున్నాడు చూడండి, అది మింగుడుపడట్లేదు. ఆ ఆటని నేను ప్రేమగా ఆడాననే కదా ఆ అంకె అంత ఉంది. రెండు గంటలు ఆడి ఉంటే ఏమనేవాడో!

సైట్ వాళ్లకి ఫిర్యాదు పెట్టా. కొనుగోలుదారు అందిందని ధృవీకరించారు కాబట్టి ఆర్డర్ ముగిసింది అని తయారుగా పెట్టుకున్న జవాబొకటి వచ్చింది. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుని అడిగేవాణ్ని. ఇంకాస్త తగ్గిస్తానంటే కార్డు మానేసి సైట్‌కి బ్యాంకు బదిలీ చేశా. అదీ నా తప్పే.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో ఇప్పుడు కూర్చుని చూస్తే చాలా తేలిగ్గా అర్థమవుతోంది. వాడు ఒక్కసారి ఒక అకౌంట్లో గేమ్ కొంటాడు. అందర్నీ ఆఫ్‌లైన్ మోడ్‌లో ఉంచితే ఒకేసారి ఎంతమంది ఆడినా స్టీమ్‌కి గొడవ కనపడదు. అందుకే ఆన్‌లైన్‌కి రావద్దన్న షరతు. ఎవరో ఒకరు వచ్చినప్పుడో, కొత్త బేరం తగిలినప్పుడో పాస్‌వర్డ్ మారుస్తాడు, పాతవాళ్లు రోడ్డున పడతారు. స్టీమ్‌ని అడగడానికీ మనకి మొహం లేదు. అకౌంట్లు అమ్మడం, పంచుకోవడం వాళ్ల ఒప్పందానికే విరుద్ధం. ఆ అకౌంట్ మనది కాదు, కొన్నట్టు రసీదు మన పేరున లేదు.

అసలు కీ అయితే సరిపోతుందా అంటే, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని కీకి కూడా భరోసా లేదు. 2015 జనవరిలో ఆటల కంపెనీ యూబిసాఫ్ట్ ఏం చేసిందో గుర్తు చేసుకోండి. మోసపు కార్డులతో కొని బయట అమ్మిన కీలని పట్టుకుని, ఫార్ క్రై 4 లాంటి ఆటల్ని జనం లైబ్రరీల్లోంచి తీసేసింది. గొడవయ్యాక అప్పటికే ఆడుతున్నవాళ్లకి తిరిగిచ్చింది గానీ, ప్రతిసారీ అలా ఇస్తారని రాసిపెట్టి లేదు. కీ రద్దు చేసే అధికారం పబ్లిషర్‌కి ఎప్పుడూ ఉంటుంది. బయట కొన్న కీకి స్టీమ్ రీఫండ్ వర్తించదు.

మరి ఆట కొనొచ్చా అని అడిగితే, కొనండి. పీసీ అయితే ఎస్‌ఎస్‌డీలో 70 జీబీ ఖాళీ చూసుకోండి, పాత హార్డ్ డిస్క్ మీద ఆశ పెట్టుకోకండి. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ ఉన్నవాళ్లు మాత్రం వదిలేయండి. 2.0 అప్‌డేట్ గానీ, ఫాంటమ్ లిబర్టీ గానీ వాటికి రాలేదు, నేను పైన పొగిడిన ఆట వాటిలో లేదు. ఇది స్టీమ్‌లో తరచూ సేల్‌కి వస్తుంది, అసలు గేమ్ సగం ధర కంటే కిందికే దిగుతుంది. అప్పటిదాకా ఆగండి. స్టీమ్‌లో నేరుగా కొంటే పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. జీవోజీ అనే ఇంకో ఆటల స్టోర్‌లో అయితే ముప్పై రోజులు. పైగా అక్కడ డీఆర్‌ఎం (కాపీ చేయకుండా వేసే తాళం) ఉండదు, ఇన్‌స్టాలర్ దించి మన దగ్గరే పెట్టుకోవచ్చు. ఇన్నేళ్లుగా ఆడుతున్నవాణ్ని, ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసీ వెళ్లా.

ఇప్పటికే ఇలాంటి అకౌంట్‌తో ఆడుతున్నవాళ్లుంటే వాళ్లకి ఒక మాట. సేవ్‌లు క్లౌడ్‌లోనే కాదు, మీ మెషీన్‌లో కూడా ఉంటాయి. విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్ తెరిచి, సేవ్డ్ గేమ్స్‌లో సీడీ ప్రాజెక్ట్ రెడ్, దానిలోపల సైబర్‌పంక్ 2077 అని ఉంటుంది. ఆ ఫోల్డర్ మొత్తం ఈ పూటే వేరే చోటికి కాపీ చేసుకోండి. రేపు సొంత అకౌంట్లో కొన్నాక మళ్లీ అక్కడే పెడితే ఆట మీరు ఆపిన చోటునుంచి మొదలవుతుంది. ఫాంటమ్ లిబర్టీతో ఆడిన సేవ్ అయితే అది కూడా కొంటేనే తెరుచుకుంటుంది, ఒక్క అసలు గేమ్ సరిపోదు. నావి ఇందాకే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించా. ఆ రెండూ సేల్‌కి వచ్చేదాకా రీడ్, సాంగ్‌బర్డ్ ఇద్దరూ అందులోనే ఆగాలి.