బటన్ లేని కంటి పరీక్షతో ఐదేళ్లు

నాకు ఆ బటన్ అంటే పడదు. గ్లాకోమా (చూపు నరాన్ని దెబ్బతీసే నీటికాసుల జబ్బు) అనుమానంతో ఫీల్డ్ టెస్ట్, అంటే చుట్టుపక్కల చూపు ఎంతుందో చూసే పరీక్ష చేయించుకున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక కన్ను మూసుకుని, గడ్డం ఆనించి, నడిమి వెలుగునే చూస్తూ, పక్కన ఎక్కడ చుక్క మెరిసినా నొక్కాలి. మొదటి రెండు నిమిషాలు బాగానే ఉంటుంది. ఆ తర్వాత మొదలవుతుంది అనుమానం: ఇప్పుడు నిజంగా మెరిసిందా, నేనే అనుకున్నానా? నొక్కకపోతే చూపు పోయిందంటారేమోనని ఊరికే నొక్కేస్తాను. ఆ మెషీన్ ఏమీ అమాయకురాలు కాదు. మన కంట్లో సహజంగానే చూపు లేని మచ్చ ఒకటి ఉంటుంది కదా, మధ్యమధ్యలో సరిగ్గా అక్కడ చుక్క వేస్తుంది. అప్పుడు నొక్కామంటే కన్ను కదిపినట్టు లెక్క. నా రిపోర్టు రెండుసార్లు 'నమ్మదగినది కాదు' అని వచ్చింది. అమ్మకు నీటికాసులతో ఒక కన్ను పూర్తిగా పోయింది. ఆ భయమంతా నా బొటనవేల్లోకి దిగేది.

(ఎంత ఆరోగ్యమైన కంటికైనా ఆ చుక్కల్లో దాదాపు సగం కనపడవట. కనపడీ కనపడని అంచు ఎక్కడుందో వెతకడమే దాని పని. ఈ ముక్క మొదటిరోజే ఎవరైనా చెప్పుంటే నాకు అన్ని చెమటలు పట్టేవి కావు.)

అందుకే ఐదేళ్ల కిందట డాక్టరుగారు "ప్యాటర్న్ ఈఆర్‌జీ కూడా తీద్దాం, ఇందులో మీరు నొక్కేదేమీ ఉండదు" అన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. కింది రెప్ప వెంబడి వెంట్రుకలాంటి సన్నటి తీగ పెడతారు. కంట్లో నలుసు పడ్డట్టు ఉంటుంది, అంతే. ఎదురుగా తెర మీద నలుపు తెలుపు గళ్లు తారుమారవుతుంటాయి. గళ్లు మారినప్పుడల్లా రెటీనాలో (కంటి వెనక పొరలో) పుట్టే చిన్న కరెంటును ఆ తీగ పట్టుకుంటుంది. అది వోల్టులో పది లక్షల వంతుల లెక్కలో ఉంటుంది కాబట్టి వందసార్లకు పైగా తీసి సగటు కడతారు. చూపు నరంగా మారే గాంగ్లియన్ కణాల నుంచే ఆ సిగ్నల్‌లో ముఖ్యమైన భాగం వస్తుంది. గ్లాకోమాలో దెబ్బతినేదీ అవే.

దానం చేసిన కళ్లను పరిశీలించి 2000లో ఒక అధ్యయనం వచ్చింది. ఫీల్డ్ టెస్టులో లోపం తేలేసరికి ఆ కణాల్లో కనీసం 25 నుంచి 35 శాతం పోయి ఉంటాయని అందులో తేలింది. కణం చచ్చిపోకముందు కొంతకాలం నీరసపడుతుంది, ఆ నీరసాన్ని ఈ పరీక్ష ముందే పట్టుకోవచ్చు అన్నది డాక్టర్ల ఆశ. నాకైతే అంత సైన్సు అక్కర్లేకపోయింది. బటన్ లేదు, అది చాలు.

మొదటిసారి ఈఆర్‌జీలో నా ఎడమ కంటికి 4.1 మైక్రోవోల్టులు వచ్చింది. అప్పుడు కంటి ఒత్తిడి 26. చుక్కల మందు మొదలుపెట్టాక ఒత్తిడి 17కి దిగింది, ఈ అంకె 4.6కి ఎక్కింది. ఒత్తిడి తగ్గించాక కొందరిలో ఈ సిగ్నల్ మళ్లీ పుంజుకుందని 2005లో ఒక పరిశోధన వచ్చిందని తెలిసి, నేనూ ఆ కొందరిలో ఉన్నానని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను.

మూడో ఏడు అదే కంటికి 2.3 వచ్చింది. ఏడాదిలో సగం! మళ్లీ తీయడానికి మూడు వారాలు ఆగమన్నారు. ఆ మూడు వారాలూ అమ్మ తలుపు కోసం చేత్తో గోడ తడుముకుంటూ నడవడమే కళ్లముందు మెదిలింది. రాత్రిళ్లు ఒక కన్ను మూసి గడియారం చూసేవాణ్ణి, తర్వాత రెండో కన్ను.

రెండోసారి కూర్చున్నప్పుడు టెక్నీషియన్ మొట్టమొదట అడిగింది: "గళ్ల అంచులు స్పష్టంగా కనిపిస్తున్నాయా సార్?" లేదు. మసకగా ఉన్నాయి. పోయినసారీ అంతే. నలభై దాటినవాణ్ణి, తెర చూస్తే చేతికందేంత దగ్గర్లో ఉంది, నేను పెట్టుకున్నవేమో దూరపు చూపు అద్దాలు. గళ్లు మసకబారితే సిగ్నల్ పడిపోతుంది. దానికి నరం చెడాల్సిన పనిలేదు. ఆవిడ సరైన అద్దం మార్చి తీస్తే 4.2 వచ్చింది.

మసక ఉందని పోయినసారే నాకు తెలుసు. నోరెత్తలేదు. ఈ పరీక్షలో నేను చెప్పాల్సిందేమీ లేదు కదా అనుకున్నాను. అద్దాల సంగతి అవతలివాళ్లూ అడగలేదు, ఆ కోపం నాకు ఇంకా ఉంది. కానీ సగం తప్పు నాదే.

ఇంకోటి. 4.1 నుంచి 4.6కి పెరిగిందని ఊరంతా చాటాను కదా, ఆ మాత్రం హెచ్చుతగ్గులు ఏ మార్పూ లేని కంట్లో కూడా మామూలేనట. డాక్టరుగారు నవ్వుతూనే చెప్పారు. ఇది ఎక్కడ చెడిందో చెప్పదు కూడా, మొత్తానికి ఒక అంకె ఇస్తుంది. నాకు తీసే తెర నడిమి 15 డిగ్రీల మేరకే ఉంటుంది, దాని అవతల ముక్కు వైపు మొదలయ్యే లోపం దీనికి చిక్కకపోవచ్చు. శుక్లం ముదిరినా, మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బున్నా అంకె తగ్గుతుంది. జబ్బు బాగా ముదిరాక సిగ్నలే మిగలదు కాబట్టి కొలవడానికీ ఏమీ ఉండదు.

కాబట్టి ఏటా ఫీల్డ్ టెస్ట్, ఓసీటీ స్కాన్ (కంటి వెనక నరాల పొర మందం కొలిచేది) తప్పడం లేదు. మందు మార్చాలా వద్దా అన్నది డాక్టరుగారు వాటినీ ఒత్తిడినీ చూసే తేలుస్తారు, ఈఆర్‌జీ కాగితాన్ని పక్కన పెట్టుకుంటారు. నాలాగా బటన్ చేతికిస్తే చెయ్యి వణికేవాళ్లకు, జబ్బు ఇంకా అనుమానం దశలోనే ఉంటే, అడిగి చేయించుకోమంటాను. ఫీల్డ్ టెస్ట్ నిదానంగా చేయగలిగితే ఇది లేకపోయినా గడుస్తుందేమో. అన్నట్టు పోయినేడు నా ఫీల్డ్ రిపోర్టు మొదటిసారి 'నమ్మదగినది' అని వచ్చింది. ఆ కాగితం మాత్రం ఫ్రిజ్ మీద అంటించాను.