పురానీ హవేలీలో ఆరవ నిజాం బీరువా

చార్మినార్‌కు వెళ్ళినవారు సాలార్‌జంగ్ మ్యూజియం కూడా చూసి తిరుగుముఖం పట్టడం మామూలే. ఆ రెండింటికీ దగ్గరలోనే, నిజాంల పాత రాజభవనమైన పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియానికి కూడా ఒక పూట కేటాయించవలసిందిగా నా మనవి. 2000లో ప్రారంభమైన ఈ ప్రదర్శనశాలలో అధిక భాగం ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన రజతోత్సవానికి వచ్చిన కానుకలే అయినా, నన్ను కదలనివ్వనిది మాత్రం ఆయన తండ్రి మీర్ మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల బీరువా.

దానిని బీరువా అనడం కంటే బీరువాల వీధి అనడమే సబబు. 176 అడుగుల పొడవున, రెండు అంతస్తులుగా, బర్మా టేకుతో నిలబెట్టిన ఆ వరుస ముందు నడుస్తూ ఉంటే, 1911లో కన్నుమూసిన ఆ ప్రభువు ఒకసారి ధరించిన దుస్తులను మళ్ళీ ధరించేవారు కాదన్న ప్రచారం ఎలా పుట్టిందో అర్థమవుతుంది. పై అంతస్తుకు చేరడానికి చేతితో తిప్పి నడిపే చెక్క లిఫ్టు ఉంది. కరెంటు అవసరం లేకుండా, మనిషి చేతి బలంతోనే బరువును పైకి చేర్చే ఆ ఏర్పాటు దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. ఒక రాజు వేషధారణ వెనుక ఎందరు వడ్రంగుల, దర్జీల, నౌకర్ల శ్రమ ఉన్నదో ఇంత సూటిగా చెప్పే వస్తువును నేను మరెక్కడా చూడలేదు. వెళ్ళే ముందు హిమ్రూ నేత గురించి కొంచెం తెలుసుకుంటే మంచిది. అప్పటి హైదరాబాదు సంస్థానంలో భాగమైన ఔరంగాబాదులో, నూలు పడుగు మీద పట్టు పేకతో నేసిన ఆ బట్ట గుర్తుంటే, ఈ అరలను చూసే చూపే వేరుగా ఉంటుంది.

కానుకల విభాగంలో జనం ఎక్కువగా గుమిగూడేది వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు దగ్గర. 2018లో చోరీకి గురై, తిరిగి దొరికిన వస్తువు కనుక ఆ కుతూహలం సహజమే. నా మటుకు నాకు నగర భవనాలకు వెండితో చేసిన నమూనాలే మిన్నగా తోచాయి, ఎందుకంటే వాటిలో లోహం ఖరీదు కంటే చేతి నేర్పు ముందుగా కంటబడుతుంది. పాత కార్లను త్వరగా చూసి వచ్చేయవచ్చు.

శుక్రవారం సెలవు. పిల్లలను వెంట తీసుకువెళ్తే, ముందుగా ఆ లిఫ్టు దగ్గరకే తీసుకువెళ్ళండి.