డెవిల్డ్ ఎగ్స్‌లోకి ఆవకాయా, పచ్చిమిర్చి మయొనీజా?

ఉడికించిన గుడ్డును నిలువుగా కోసి, పచ్చసొన తీసి, మయొనీజ్, ఆవముద్ద, కాస్త వెనిగర్‌తో మెదిపి మళ్లీ ఆ గుంటలోనే నింపితే డెవిల్డ్ ఎగ్స్. ఘాటైన వంటల్ని ఇంగ్లీషువాళ్లు 18వ శతాబ్దం నుంచే డెవిల్డ్ అంటున్నారు, కాబట్టి కారం లేకపోతే ఆ పేరుకే అర్థం లేదు. అనపర్తి, తణుకు వైపు కోళ్ల ఫారాలున్న మన గోదావరి జిల్లాల్లో గుడ్లకేం కొదవ, రెండు రకాలూ చేసి చూశాను.

6 గుడ్ల సొనకి 3 చెంచాల మయొనీజ్, సన్నగా తరిగిన 2 పచ్చిమిర్చి, నిమ్మరసం. నున్నగా వస్తుంది, పిల్లలు ఇష్టంగా తింటారు. కానీ మిర్చి ముక్క తగిలిన చోటే కారం, మిగతాదంతా చప్పన.

ఆవకాయ సంగతి వేరు. ముక్కలు పక్కన పెట్టి, జాడీలోంచి 2 చెంచాల గుజ్జు, పైన తేలిన నూనె ఒక చెంచా, గడ్డపెరుగు ఒక చెంచా కలపండి చాలు, ఎందుకంటే ఆవఘాటు, పులుపు, కారం, నూనె అన్నీ అందులోనే ఉన్నాయి, అసలు వంటకం అడిగేది కూడా అవే కదా! ఉప్పు మాత్రం అస్సలు వేయొద్దు. కొత్తావకాయైతే ఘాటు ముక్కుకెక్కుతుంది, అదే నాకిష్టం. నా ఓటు దీనికే.

ఏది చేసినా వారం నాటి గుడ్లు తీసుకోండి, పెంకు తేలిగ్గా వస్తుంది. మరిగే నీళ్లలో 11 నిమిషాలు ఉంచి వెంటనే చన్నీళ్లలో వేయండి, ఎక్కువ ఉడికితే సొన చుట్టూ ఆకుపచ్చ గీత పడుతుంది. మన ఎండలకి బయట ఉంచకుండా, నింపిన వెంటనే తినేయండి.