ఎవరినీ అడగకుండా గది మార్చిన కుర్రవాడు

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని తెలిసి, అమ్మను తీసుకుని నల్లగొండ నుంచి బయలుదేరాను. హిల్ కాలనీలోని ఒక లాడ్జిలో రెండు రాత్రులు ఉన్నాం. ఇచ్చింది రెండో అంతస్తు గది. లిఫ్టు పనిచేయడం లేదు. గది ఖాయం చేసేటప్పుడే లాడ్జివాళ్లు ఫోనులో ఆ మాట చెప్పాల్సింది. ఇది చిన్న తప్పు కాదు.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె మెట్ల వైపు చూసిన చూపును కౌంటరు దగ్గరి కుర్రవాడు గమనించాడు. "కూర్చోండమ్మా" అని కుర్చీ వేసి, కింది అంతస్తులోని పెద్ద గది తాళం తెచ్చాడు. అద్దె అదే. ఎవరికీ ఫోను చేయలేదు.

మర్నాడు మేనేజరుతో ఈ మాట అంటే, "నన్ను అడిగేదాకా అమ్మగారిని నిలబెట్టాలా సార్?" అన్నారు. రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లలో అతిథి ఇబ్బంది తీర్చడానికి ఉద్యోగి తనంతట తాను 2,000 డాలర్ల వరకు ఖర్చు పెట్టవచ్చని చదివాను. ఇక్కడ అంత డబ్బు లేదు, ఆ నమ్మకం ఉంది. రాత్రి రద్దీలో ఆ మేనేజరే బకెట్టు పట్టుకుని పచ్చిపులుసు వడ్డించారు. అమ్మ రెండుసార్లు పోయించుకుంది.

2022లో సాగర్‌లో ప్రారంభమైన బౌద్ధ పర్యాటక ప్రాంగణం బుద్ధవనానికి ఎండ ముదరకముందే వెళ్లమని చెప్పిందీ ఆయనే. ఆ సలహా వల్లే అమ్మ మహాస్తూపం దాకా నడవగలిగింది.

తువ్వాళ్లు పాతవి. వేడినీళ్లు ఆలస్యం. అయినా దసరాకు మళ్లీ అక్కడే దిగుతాం. ఆలోగా లిఫ్టు బాగుచేయించండి.