తెర వెనక తొమ్మిది వాట్లు

నెల్లూరులో కల్యాణ మండపాలకు కొదవ లేదు. పండగ పండగకూ గోడల మీద బొమ్మలు మార్చే కళాకేంద్రాలు మాత్రం తక్కువ. అట్లాంటి ఒకదాన్ని ఆరేళ్ళుగా, సంక్రాంతి కొలువు నుంచి క్రిస్మస్ నక్షత్రాల దాకా చూస్తూ వచ్చాక రాస్తున్న సమీక్ష ఇది. టికెట్ ఎంత, ఎన్నింటికి తీస్తారు, బండి ఎక్కడ పెట్టాలి అన్నవి గేటు పక్కన బోర్డు మీదే ఉంటాయి. చెప్పాల్సింది ఒక్క గది గురించి. దసరాకు హాలు చివర కట్టే నీడల గది.

అందులో ఉండేది ఇంతే. పద్దెనిమిది అడుగుల తెల్ల తెర, దాని వెనక తోలుబొమ్మలు, వాటి వెనక దీపాలు. ఆడించేవాళ్ళు ఉండరు. బొమ్మల్ని తెరకు ఆనించి నిలబెడతారు, జనం చీకట్లో ముందు నుంచి నడుచుకుంటూ పోతారు. వింటే చప్పగానే ఉంటుంది. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోవడం, వెనకవాళ్ళు 'జరగండి సామీ' అనడం ఏటా ఉండేదే.

తోలుబొమ్మను చాలాచోట్ల అద్దం బిగించి, గోడకు తగిలించి, పైన ట్యూబులైటు వేసి చూపిస్తారు. అట్లా చూస్తే అది రంగు వేసిన అట్ట. మేకతోలును చెప్పుల తోలు మాదిరి తంగేడు చెక్కలో ఊరబెట్టరు. వెంట్రుక తీసి, గీకి, పలచన చేసి, లాగి కట్టి ఆరబెడతారు. అందుకే అది వెలుతురును ఆపదు. ఇక నగలు చాలావరకు రంగుతో వేసినవి కావు, ఉలితో కొట్టిన బెజ్జాలు. హారంలో ప్రతి ముత్యమూ ఒక గుండ్రటి చిల్లు. వడ్డాణానికి ఒక చుక్క, ఒక గీత, మళ్ళీ చుక్క. ఆంజనేయుడి తోక కుచ్చులో వెంట్రుక వెంట్రుకకూ విరిగిన బియ్యపుగింజంత సన్నటి కోత. వెనక దీపం ఉంటేనే తోలులోంచి ఎరుపూ పసుపూ, చిల్లుల్లోంచి తెల్లటి వెలుగూ విడివిడిగా వస్తాయి. ముందు నుంచి లైటు వేస్తే కొట్టినవాడి పనంతా మాయం.

ఇక్కడి బొమ్మలు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటవి. 2020లో పద్మశ్రీ ప్రకటించిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరు అది. పనితనం గురించి మాట్లాడాల్సిందేమీ లేదు. మాట్లాడాల్సింది వాటిని నిలబెట్టిన తీరు గురించే.

మొదటి ఏడాది బొమ్మలు చిన్నవి, దీపాలూ చిన్నవే, అంతా సాఫీగా జరిగిపోయింది. రెండో ఏడాది ఐదడుగుల రావణుడు వచ్చాడు. పాత బల్బుల వెలుగు ఆయనకు చాలదని షామియానా వాళ్ళ దగ్గర 500 వాట్ల హాలోజెన్లు మూడు అద్దెకు తెచ్చి, బొమ్మలకు రెండడుగుల వెనక నేల మీద పెట్టారు. తెర తీయగానే హాలంతా 'అబ్బా' అంది. ముప్పావుగంట గడిచేసరికి రావణుడి పక్క తలలు తెరను వదిలి వెనక్కి వాలడం మొదలుపెట్టాయి. ఆ తరవాత వేళ్ళు, ఆ తరవాత కిరీటం అంచు.

కారణం తోలులోనే ఉంది. చెక్కలో ఊరబెట్టని తోలుది ఉప్పు స్వభావం. గాలిలో చెమ్మను తాగుతుంది, వేడి తగిలితే కక్కేస్తుంది. దీపం వైపు ముఖం ముందు ఆరుతుంది. ఆరిన ముఖం బిగుస్తుంది. తెర వైపు ముఖం ఇంకా చెమ్మగానే ఉంటుంది గనక బొమ్మ అంచులు దీపం వైపుకు దోనె మాదిరి లేస్తాయి. నీడబొమ్మకు ప్రాణం తెరకు అంటుకుని ఉండడమే. అంగుళం ఎడం వచ్చిందంటే గీత చెదిరిపోతుంది. దానికి తోడు మూడు దీపాలు మూడు చోట్ల ఉండేసరికి ఎడం వచ్చిన ప్రతి తలకూ మూడేసి నీడలు పడ్డాయి. పదితలలవాడు ముప్ఫై తలలవాడయ్యాడు, అందులో ఒక్కటీ సరిగ్గా కనపడదు.

తరవాత చేసిన మరమ్మతులు ఇంకా చేటు తెచ్చాయి. లేచిన అంచుల్ని స్టీలు డ్రాయింగ్ పిన్నులతో తెరకు గుచ్చారు. అక్టోబరు గాలికి మూడోనాటికల్లా ప్రతి పిన్ను చుట్టూ తుప్పు మరక. బిగుస్తున్న తోలు లాగుతుంటే పిన్ను బెజ్జం చీలికైంది. పాతకాలపు ఆటగాళ్ళు ఈతముల్లు వాడింది ఊరికే కాదు. అది తుప్పు పట్టదు, బలంగా లాగితే తోలు చిరిగేలోపు అదే విరుగుతుంది. ఇంకెవరో వేడి తగ్గాలని స్టాండు ఫ్యాను తెచ్చి వెనక పెట్టారు. తెర పడవ తెరచాపలా ఊగింది, దీపం వైపు తోలు మరింత తొందరగా ఆరింది. రాత్రి దీపాలు ఆర్పి తలుపులు మూస్తే తోలు మళ్ళీ చెమ్మ తాగి మెత్తబడేది, తెల్లారాక మళ్ళీ మొదలు. తొమ్మిది రాత్రులు ఇట్లా బిగుస్తూ వదులవుతూ ఉండేసరికి మోచేతి కీళ్ళ దగ్గర రంగు పొరలు పొరలుగా లేచింది.

ఇంట్లో తోలుబొమ్మ దీపపు షేడు ఉన్నవాళ్ళకు ఇక్కడ ఒక మాట. ముడుచుకున్న తోలును ఇస్త్రీ పెట్టెతో నొక్కొద్దు, అది శాశ్వతంగా కుంచించుకుపోతుంది. నూలుగుడ్డను తడిపి గట్టిగా పిండి పరిచి, దాని మీద పొడిగుడ్డ, దాని మీద బొమ్మ, ఆపైన ఇంకో పొడిగుడ్డ వేసి, చదునైన చెక్కపలక బోర్లించి ఒక పూట వదిలేయాలి. తడిగుడ్డ నేరుగా తగిలితే రంగు కారుతుంది. మెత్తబడ్డాక తడిగుడ్డ తీసేసి, పలక మీద నాలుగు ఇటుకలు పెట్టి రెండు రోజులు కదపకుండా ఉంచాలి. కేంద్రం వాళ్ళు చివరికి చేసిందీ ఇదే. చదునైనాయి గానీ లేచిన రంగు మళ్ళీ రాలేదు.

మూడో ఏడాది మార్పు చూస్తే అదే గదేనా అనిపించింది. హాలోజెన్లు పోయి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఆరు వచ్చాయి. పదిహేను వందల వాట్ల చోట యాభై నాలుగు. వేడి లేదు గనక తోలు కదలలేదు. ముందు 6500 కెల్విన్ రకం, అంటే షాపుల్లో 'కూల్ డేలైట్' అని ఇచ్చేది, కొన్నారట. ఆ వెలుగులో ఎరుపు తక్కువ, రాముడి ఉత్తరీయం ఎండిన ఇటుకలా కనిపించింది. తీసేసి 2700 కెల్విన్ 'వార్మ్ వైట్' పెట్టారు. అప్పుడు తోలుకు ప్రాణం లేచొచ్చింది. బల్బు సరిగ్గా బొమ్మ నడుము వెనక ఉంటే చూసేవాడి కంటికి ఆంజనేయుడి పొట్ట మీద తెల్లటి బిళ్ళ కనపడుతుంది. అందుకని బల్బుల్ని తెర పై అంచుకన్నా జానెడు ఎత్తున, మూడడుగుల వెనక వేలాడదీసి, వాటి ముందు బటర్ పేపర్ కట్టారు. పాలిస్టర్ తెర తీసేసి పాత పద్ధతిలో ఒకదాని కింద ఒకటిగా నూలు పంచెలు రెండు కలిపి ముళ్ళతో కుట్టారు. పాలిస్టర్ వెలుగును చుక్కగా దాటిస్తుంది, నూలు పరిచి దాటిస్తుంది. బొమ్మల్ని రెండు రోజుల ముందే తెచ్చి హాల్లో విప్పి పెట్టడం కూడా అప్పుడే మొదలైంది. తోలు ఆ గది గాలికి అలవాటు పడ్డాకే తెరకెక్కిస్తారు.

ఇంత చెప్పాక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఎల్‌ఈడీ నిలకడ దీపం. ఆముదం దీపం కింద నీడ ఊపిరి పీలుస్తున్నట్టు ఉండేదని పెద్దవాళ్ళు చెప్పేది ఇక్కడ దొరకదు. మద్దెల లేదు, కాలి కింద చెక్కల చప్పుడు లేదు. ఆటలో నవ్వించే జంట కేతిగాడినీ బంగారక్కనూ మూలన అరడుగు బొమ్మలుగా నిలబెట్టారు. ఆటలో రాత్రంతా జనాన్ని మేలుకొలిపేది వాళ్ళే గానీ రాముడు కాదు. అట్లా చూస్తే ఇది ఆట కాదు, ఆటకు తీసిన ఫొటో. మొదటి రెండేళ్ళూ ఈ సంగతి పట్టించుకోకుండా పొగిడినవాళ్ళలో ఈ సమీక్ష రాస్తున్నవాళ్ళూ ఉన్నారు.

చిన్న తిక్క ఇంకొకటి. 'ఫోన్ లైటు వేయొద్దు' అన్న కాగితం చీకటి గది లోపల అంటించారు. అది చదవడానికే జనం ఫోన్ లైటు వేస్తారు. ముందు నుంచి ఒక్క ఫోను వెలిగినా అంత మేర తెర తెల్లబోతుంది. ఆ కాగితం బయటి గోడకు మార్చమని సలహాల పుస్తకంలో కనీసం నాలుగుసార్లు రాసి ఉంది.

వెళ్ళే రోజు, వేళ చూసుకోవాలి. పగలు దండగ. వెంటిలేటర్ల నుంచి వెలుతురు పడుతుంది. దసరా నాటికి ఆరింటికి పొద్దు గూకుతుంది గనక ఆరుంబావుకు లోపల ఉంటే సరి. పాడ్యమి నుంచి తదియ దాకా మేలు. మహానవమి సాయంత్రం వరసలో అరగంట నిలబడితే తెర ముందు రెండు నిమిషాలు కూడా నిలవనివ్వరు. దసరా ఎప్పుడొచ్చిందన్నదీ లెక్కే. 2025లో విజయదశమి అక్టోబరు 2నే వచ్చింది. 2023లో అధిక శ్రావణం వల్ల అక్టోబరు నాలుగో వారానికి పోయింది. మన జిల్లా వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యలోనే పడుతుంది. దసరా వెనక్కి జరిగిన ఏడాది గాలిలో చెమ్మకు పంచె తెర జారుతుంది, బొమ్మల కాళ్ళు మెత్తబడి మడత పడతాయి. ఎల్‌ఈడీకి ఆ చెమ్మను ఆరబెట్టే వేడి లేదు మరి. హాలోజెన్ పోయి లాభమే గానీ అది చేసిన మంచి ఒక్కటి ఇదే.

మిగతా పండగల సంగతి క్లుప్తంగా. సంక్రాంతి కొలువు బాగుంటుంది, అయితే మంచి కొలువు పెట్టే ఇల్లు మీ వీధిలోనే ఉంటే ఇంత దూరం రానక్కర్లేదు. ఆ పక్కన ఉదయగిరి చెక్క గరిటెల బల్ల పెడతారు, దాన్ని మాత్రం వదలొద్దు. కొన్న గరిటెను నీళ్ళలో నానేయకుండా కడిగి తుడిచి, నెలకోసారి కొబ్బరినూనె రాస్తే పగలదు. వినాయక చవితికి పిల్లల చేత మట్టి బొమ్మలు చేయిస్తారు, అందులో సగం ఇంటికి చేరేలోపే పగుళ్ళిస్తాయి. మట్టి ముద్దను గట్టిగా నింపేసి ఫ్యాను కింద ఆరబెట్టడమే తప్పు. పై పొర ఆరి బిగుస్తుంటే లోపల తడి అట్లాగే ఉంటుంది. ఆరంగుళాలు దాటిన బొమ్మకు అడుగు నుంచి చెంచాతో లోపలి మట్టి తోడేసి, నీడలో తడిగుడ్డ కప్పి రెండు రోజులు ఉంచితే నిలుస్తుంది. రొట్టెల పండగ ఫొటోల ప్రదర్శన మొహర్రంతో పాటు ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనక ఫోను చేసి కనుక్కుని వెళ్ళాలి. స్వర్ణాల చెరువు గట్టు మీద రొట్టెలు మార్చుకునే చేతుల ఫొటోలు బాగున్నాయి, కింద రాసిన వివరాలే అరకొర. నవంబరులో హాలు ఖాళీ. 2021 నవంబరులో పెన్నా పొంగిన తీరు చూశాక ఆ నెలలో ఏమీ పెట్టకపోవడమే మంచిది. క్రిస్మస్‌కు కాగితపు నక్షత్రాలు పెడతారు. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు 'లోన్ స్టార్', అంటే ఒంటరి నక్షత్రం, అన్న పేరు పడిందని అక్కడొక అట్టముక్క మీద రాశారు. ఊళ్ళో చాలామందికి తెలియని సంగతి, నక్షత్రాల కింద సరిగ్గా అమిరింది.

వెళ్ళొచ్చా అంటే, ఊళ్ళో ఉండి ఆటోలో పది నిమిషాల్లో చేరగలిగితే దసరాకు తప్పకుండా వెళ్ళండి. కావలి నుంచో ఆత్మకూరు నుంచో దీని కోసమే బయల్దేరడం మాత్రం ఆలోచించుకోవాలి. ఊళ్ళో ఇంకో పని కలిపి పెట్టుకుంటే మేలు. నాలుగేళ్ళ లోపు పిల్లలు ఆ చీకట్లో రావణుణ్ణి చూసి ఏడుస్తారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు, పక్కన ఒక మనిషి ఉండాలి. తోలుబొమ్మలాట నిజంగా చూసి పెరిగినవాళ్ళకు ఈ గది అరకొరగానే అనిపించవచ్చు. ఎప్పుడూ చూడనివాళ్ళకు ఇంతకన్నా దగ్గరగా ఆ బెజ్జాల పని చూసే చోటు ఊళ్ళో ఇంకొకటి తెలియదు.

లోపలికి వెళ్ళాక రావణుడి ఎడమ చివరి తల ముందు ఒక్క క్షణం ఆగండి. ఇటుకల కింద పెట్టినా అది పూర్తిగా చదును కాలేదు. చెవి పోగు దగ్గర గీత ఇంకా రెండుగా కనపడుతుంది, పిన్ను చీల్చిన చోట ఒక చిల్లు ఎక్కువ ఉంటుంది.