హైబ్రిడ్ ఎస్‌యూవీకి పెట్టే అదనపు డబ్బు తిరిగి వస్తుందా? రాయగడ దారుల్లో 60 వేల కిలోమీటర్ల లెక్క

ఈ సమీక్ష 1.5 లీటర్ల స్ట్రాంగ్ హైబ్రిడ్ గురించి, అంటే పెట్రోలు ఇంజనుతో పాటు బండిని తానుగా నడపగల కరెంటు మోటారు, దానికో బ్యాటరీ కూడా ఉన్న బండి. టయోటా హైరైడర్ కొన్నా మారుతి గ్రాండ్ విటారా కొన్నా లోపల ఉండేది ఒకటే: 92 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను, 80 పీఎస్ మోటారు, రెండూ కలిసి పనిచేసినప్పుడు 115 పీఎస్ చిల్లర. కాబట్టి బ్యాడ్జీ ఏదన్నది పక్కన పెట్టేయొచ్చు. బండి తిరిగిన దారులు మాత్రం చెప్పాలి, ఎందుకంటే లెక్కంతా వాటి మీదే ఉంది. ఒడిశాలోని రాయగడ ఊళ్లో రోజువారీ పనులు, గుణుపూర్ వైపు పల్లెలు, కొమరాడ మీదుగా పార్వతీపురం, విజయనగరం, నెలకోసారి విశాఖ, అప్పుడప్పుడు కోరాపుట్ నుంచి సుంకి ఘాటీ (కొండదారి) దిగి సాలూరు. మూడేళ్లు దాటాయి.

కంపెనీ కాగితం మీద మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. ట్యాంకు అంచుదాకా నింపి, మళ్లీ అదే బంకులో నింపి కట్టిన లెక్కలో సగటున 21 వచ్చింది. మీటరు చూపించేది ఎప్పుడూ ఒకటి, ఒకటిన్నర ఎక్కువే, దాన్ని నమ్మి లెక్కలు వేయకండి. 21 అన్నది కూడా సగటు మాత్రమే. పార్వతీపురం దారి లాంటి రెండు లైన్ల రోడ్డు మీద 60, 70 లో వెళ్తూ, ఊరూరా స్పీడు బ్రేకర్ల దగ్గర తగ్గుతూ, ఆవులకు ఆగుతూ నడిపితే 23, 24 వస్తుంది. అదే విజయనగరం దాటి నాలుగు లైన్ల హైవే ఎక్కి 100 మీద నిలబెడితే 18. మామూలు బండికి హైవే మీద మైలేజీ పెరుగుతుంది, దీనికి పడిపోతుంది. బ్రేకు వేసినప్పుడల్లా పోయే శక్తిని పట్టి దాచుకోవడమే దీని పని. బ్రేకే వేయని రోడ్డు మీద దాచుకునేది ఏమీ ఉండదు.

షోరూముల్లో గట్టిగా చెప్పే మాట ఒకటుంది, ఊళ్లో అంతా కరెంటు మీదే నడుస్తుందని. విశాఖ ట్రాఫిక్‌లో అరగంట తిరిగేవాళ్లకు అది చాలావరకు నిజం. రాయగడలో, పర్లాకిమిడిలో, జయపురంలో నిజం కాదు. ఇక్కడ ఇంటి నుంచి బజారు రెండు కిలోమీటర్లు, ఆరు నిమిషాలు. చల్లటి ఇంజను స్టార్టయ్యాక ఇంజను నీళ్లు, పొగ గొట్టంలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరు వేడెక్కేదాకా బండి నిలబడి ఉన్నా ఇంజను ఆగదు. అది వేడెక్కేలోపు బజారు వచ్చేస్తుంది. ఇలాంటి ముక్కల ప్రయాణాల్లో 15, డిసెంబరు పొద్దుల్లో 13 మాత్రమే వచ్చింది. పనులన్నీ కలిపి ఒకే రౌండులో చేసుకుంటే అదే ఊళ్లో 20 దాటింది.

ఇక డబ్బు. అదే బండి ఆటోమేటిక్ పెట్రోలు రకంతో పోలిస్తే హైబ్రిడ్‌కు సుమారు లక్షా డెబ్భై వేలు ఎక్కువ అనుకుందాం. రోడ్డు పన్ను, బీమా కూడా ధర మీదే పడతాయి కాబట్టి చేతి నుంచి పోయేది రెండు లక్షలు అనుకోండి. పెట్రోలు లీటరు 104 అనుకుంటే, 21 ఇచ్చే హైబ్రిడ్‌కు కిలోమీటరుకు 4.95, మన దారుల్లో 14 ఇచ్చే ఆటోమేటిక్‌కు 7.43. మిగిలేది రెండున్నర రూపాయలు. రెండు లక్షలు రాబట్టడానికి 80 వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 18 వేలు తిరిగేవాళ్లకు నాలుగున్నరేళ్లు. బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు కాబట్టి ఆ లోపే డబ్బు వచ్చేస్తుంది, ఆ తర్వాతంతా లాభమే.

మాన్యువల్‌తో పోలిస్తే మాత్రం కథ తిరగబడుతుంది. మాన్యువల్‌కు 16.5 పెట్టుకోండి, కిలోమీటరుకు 6.30. మిగిలేది రూపాయి ముప్పై ఐదు పైసలు. ధర తేడా అన్నీ కలిపి మూడు లక్షల ముప్పై వేలు అనుకుందాం. అంటే రెండున్నర లక్షల కిలోమీటర్లు. క్లచ్ తొక్కడానికి ఇబ్బంది లేనివాళ్లు డబ్బు మిగుల్తుందని హైబ్రిడ్ కొనకూడదు. ఇది ఖచ్చితంగా చెప్పగలం. షోరూములో వేసి చూపించే లెక్కలో 27.97 పెడతారు, పోలికకు ఆటోమేటిక్‌నే పెడతారు. కాగితం మీకివ్వమని అడిగి, మీ రోడ్డు మైలేజీలతో మళ్లీ వేసుకోండి. పెట్రోలు ఒడిశాలో ఆంధ్ర కంటే చౌక కాబట్టి సరిహద్దు దాటే ముందే ట్యాంకు నింపుకోవడం మనందరికీ అలవాటే. అయితే పెట్రోలు చౌకైన కొద్దీ హైబ్రిడ్ డబ్బు తిరిగి రావడం ఆలస్యమవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

పన్ను సంగతి చాలామంది అడుగుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయి ఈ సైజు హైబ్రిడ్ మీద జీఎస్టీ 40 శాతం అయింది, కరెంటు బండి మీద 5 శాతమే. ఇంట్లో చార్జింగ్ పెట్టుకోగలిగి, ఊరు చుట్టూనే తిరిగేవాళ్లు ముందు కరెంటు బండి చూడటమే న్యాయం.

ఘాటీ దగ్గర ఈ బండి గుణం, లోపం రెండూ బయటపడతాయి. కరెంటు బిల్లు భాషలో చెప్తే దీని బ్యాటరీ 0.76 యూనిట్లు. అందులోనూ నిండుగా, ఖాళీగా ఉండే అంచులు వాడుకోదు, చేతికొచ్చేది మూడోవంతు యూనిట్ దాకా. నలుగురు మనుషులు, సామానుతో 1,600 కిలోల బండి కోరాపుట్ ఎత్తు నుంచి సాలూరు మైదానానికి దిగితే సుమారు 750 మీటర్లు, అంటే మూడు యూనిట్ల పైన శక్తి. గాలికి, టైర్లకు పోయేది పోగా మిగిలినది కూడా ఆ చిన్న బ్యాటరీలో పట్టదు. సుంకి దాటి కొన్ని మలుపులు తిరిగేసరికే డ్యాష్‌బోర్డు మీది బ్యాటరీ గీతలన్నీ నిండిపోతాయి. ఆ క్షణం గమనించండి: కాలు బ్రేకు మీదే ఉంటుంది, ఇంజను మాత్రం ఒక్కసారిగా గుర్రుమని లేస్తుంది. భయపడే పని లేదు, పెట్రోలు పోవడం లేదు. దాచుకునే చోటు లేక మోటారు ఆ ఇంజనును ఊరికే తిప్పి శక్తిని ఖర్చు చేస్తోంది. గేరు దగ్గర డి పక్కన బి అని ఉన్నది ఇందుకే. గీతలు నిండక ముందే, దిగుడు మొదట్లోనే బి లో పెట్టాలి. డి లోనే బ్రేకులు తొక్కుతూ దిగితే కింద సాలూరు వచ్చేసరికి డిస్కులు కాలి వాసన వస్తాయి.

ఎక్కేటప్పుడు బ్యాటరీ రెండు మూడు కిలోమీటర్లలో అడుగంటుతుంది. తర్వాత భారమంతా 92 పీఎస్ ఇంజనుదే. మూడు సిలిండర్ల మోత క్యాబిన్‌లోకి వస్తుంది, లారీని దాటాలంటే మలుపు ముందే ఆలోచించుకోవాలి. ఎక్కుడులో మైలేజీ 11, 12. దిగుడు కూడా కలిపితే 19 దగ్గర తేలుతుంది. వారానికి రెండుమూడు సార్లు నిండు బండితో ఘాటీ ఎక్కేవాళ్లకు 250 ఎన్‌ఎం టార్కు (చక్రాలను తిప్పే బలం) ఉన్న క్రెటా డీజిల్ లాంటివే నప్పుతాయి. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ లేదు, వానాకాలం ఎర్రమట్టి గట్లు ఎక్కాల్సినవాళ్లు అది కూడా చూసుకోవాలి.

పాడయ్యేవాటిలో మొదటిది పెద్ద బ్యాటరీ కాదు, మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ. ఇందులో స్టార్టరు మోటారు ఉండదు, కంప్యూటర్లను మేల్కొలిపేది ఆ చిన్న బ్యాటరీయే. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా డ్యాష్‌బోర్డు మీద రెడీ అనే పదం వెలగదు, తోసి స్టార్టు చేయడం కుదరదు. మూడు వారాలు ఊరెళ్తే మైనస్ వైరు తీసేయడం మేలు. ఇంట్లో ఎవరైనా ఉంటే వారానికోసారి రెడీ వెలిగించి అరగంట, ముప్పావుగంట ఉంచమనాలి. ఉత్తినే స్విచ్చి వేసి పాటలు వింటే ఇంకా దిగిపోతుంది.

రెండోది దుమ్ము. పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి వెనక సీటు దగ్గరి జాలీ నుంచి వెళ్తుంది. మన రోడ్ల ఎర్రదుమ్ముకు దాని ఫిల్టరు తొందరగా మూసుకుపోతుంది. బ్యాటరీ వేడెక్కితే సిస్టమ్ దాన్ని తక్కువ వాడుతుంది, ఇంజను ఎక్కువసేపు నడుస్తుంది, కారణం తెలియకుండా మైలేజీ రెండు పాయింట్లు పడిపోతుంది. ప్రతి సర్వీసులో ఆ ఫిల్టరు తీసి చూపించమని నిలబడి అడగాలి. ఆ జాలీకి అడ్డంగా దుప్పటి, సంచి పెట్టకూడదు.

బ్రేకు ప్యాడ్లు 60 వేలకు కూడా సగం మిగిలాయి. అయితే వాడకం తక్కువ కావడం వల్ల వానల్లో డిస్కులు తుప్పు పడతాయి, ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. ఏడాదికోసారి విప్పించి గ్రీజు పెట్టించాలి. ఇంజను నూనె చాలా పలచటిది. చిన్న గ్యారేజీలో "ఏదైనా ఒకటే సార్" అంటారు, ఒకటి కాదు, పుస్తకంలో రాసిందే పోయించాలి. హై వోల్టేజీ కరెంటు పారే నారింజ రంగు వైర్ల జోలికి తర్ఫీదు లేని మెకానిక్‌ను వెళ్లనివ్వొద్దు, ప్రాణాపాయం.

డిక్కీ మామూలు రకం కంటే వంద లీటర్ల దాకా చిన్నది, బ్యాటరీ అక్కడే ఉంది కదా. రెండు పెట్టెలు, ఒక పాతిక కిలోల బియ్యం బస్తా పెడితే నిండిపోతుంది.

దారిలో ఆగిపోతే మన వైపు లారీకి తాడు కట్టి లాగించేస్తారు. దీనికి అది పనికిరాదు. ముందు చక్రాలు నేల మీద తిరిగితే మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది, లోపల గేర్లు, ఇన్వర్టరు దెబ్బతింటాయి. ముందు చక్రాలు పైకెత్తాలి, లేదా బండి మొత్తాన్ని వేరే వాహనం మీదికి ఎక్కించాలి. బీమా తీసుకునేటప్పుడే ఆ సాయం లక్ష్మీపూర్, పొట్టంగి లాంటి చోట్లకు వస్తుందో లేదో ఫోను చేసి కనుక్కోండి, ఆ నంబరు కాగితం మీద రాసి బండిలోనే పెట్టుకోండి, ఘాటీలో సిగ్నల్ దొరికే చోటు నుంచి చేయాల్సి రావొచ్చు.