మరణశయ్య చిత్రానికి డాగెరోటైప్ పలక ఎంతవరకు పనికొచ్చింది?

పోయినవారి ముఖాన్ని దాచుకోవడానికి 19వ శతాబ్దపు స్టూడియోలు అమ్మినవాటిలో మా ఓటు డాగెరోటైప్‌కే. 1839లో బయటికొచ్చిన ఈ తొలితరం ఫొటో, అంటే బొమ్మ నేరుగా పడే వెండిపూత రాగి పలక, ఎక్కువగా 2¾ × 3¼ అంగుళాల సైజులో, మూత ఉన్న చిన్న పెట్టెలో దొరుకుతుంది.

దీనికి ఎక్స్‌పోజర్, అంటే పలక మీద వెలుతురు పడనిచ్చే సమయం, సెకన్లకొద్దీ పట్టేది. బతికున్నవారికి అది ఇబ్బందే. మంచం మీది దేహం మాత్రం కదలదు కాబట్టి కనురెప్పల వెంట్రుకలు కూడా స్పష్టంగా పడతాయి, పక్కన కూర్చున్న తల్లి ముఖమే చెదిరిపోతుంది.

అసలు చిక్కు దుప్పటితో. పలక నీలి వెలుతురుకు బాగా స్పందిస్తుంది, పసుపు ఎరుపులకు చాలా తక్కువ. జబ్బుతో పాలిపోయి పచ్చబడ్డ చర్మం అందుకే ఉన్నదానికన్నా నల్లగా వస్తుంది. ముఖం తేలేదాకా ఆగితే తెల్లటి దుప్పటి, దిండు దగ్గర వెలుతురు మోతాదు మించి అవి నీలంగా తిరిగిపోతాయి. కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా మంచం జరిపి, నీడవైపు తెల్లగుడ్డ పట్టుకుని, ఒంటిమీద ముదురు శాలువా కప్పితే చాలావరకు సర్దుకుంటుంది. బుగ్గలకు గులాబీ పొడిరంగు అద్దినవీ ఉన్నాయి. పలచగా అద్దితేనే బాగుంటుంది.

కెమెరా ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. కాళ్లవైపు నుంచి తీయొద్దని, సోఫా మీద నిద్రపోతున్నట్టు పడుకోబెట్టమని బోస్టన్ ఫొటోగ్రాఫర్ ఆల్బర్ట్ సౌత్‌వర్త్ 1873లో తోటివారికి చెప్పాడు. నోటినుంచి ద్రవం వస్తుందనిపిస్తే ముందే దేహాన్ని బోర్లా తిప్పి, బయటికి పోనిచ్చి, ముఖం కడగమన్నాడు. ఆ ఓపిక ఉన్నచోటే చిత్రంలో ఆప్యాయత నిలిచింది. 1858లో హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివ్‌లు కలిపి, మోడళ్లతో కూర్చిన మరణశయ్య ఫొటో ‘ఫేడింగ్ అవే’లో కూర్పు అద్భుతం, కానీ ఈ చిన్న పలకల దగ్గరితనం అందులో మాకు దొరకలేదు.

లోపాలు లేకపోలేదు. ఉండేది ఒక్కటే ప్రతి, అదీ సాధారణంగా కుడి ఎడమలు తారుమారై. దూరపు బంధువులకు పంపడానికి తర్వాత వచ్చిన ఆల్బుమెన్ (గుడ్డు తెల్లసొన పూసిన) కాగితపు కార్డులే మేలు.

ఇప్పుడు పాత ఫొటోలు కొనేవారు, నిలబడ్డ మనిషి బొమ్మను ‘నిలబెట్టిన శవం’ అంటే నమ్మొద్దు. పాదాల వెనక కనిపించే ఇనుప స్టాండు బతికున్న మనిషి తల కదలకుండా ఆనించుకోవడానికే, శవం బరువు అది మోయలేదు. అంచుల్లో నీలి, గోధుమరంగు మసక వయసుతో వచ్చేదే. పలక మీద కప్పిన గాజు లోపలివైపు చిన్న చిన్న చుక్కలుంటే ఆ గాజే పాడవుతోందన్నమాట. దాన్ని సంరక్షణ నిపుణులతో కొత్త బోరోసిలికేట్ గాజుకు మార్పించి, అంచులు మళ్లీ సీల్ చేయించాలి. పలకను మాత్రం మెత్తటి గుడ్డతోనైనా తుడవకూడదు, బొమ్మ ఊడిపోతుంది. వెండి సామాన్ల మెరుగుకు వాడే థయోయూరియా ద్రావణంలో ముంచినవి మొదట మెరుస్తాయి, తర్వాత మరకలు తేలతాయి. అలాంటివి తక్కువ ధరకిచ్చినా వద్దు.